గున్నయ్య అంచు చీర

పోయిన నెల పుత్తూరులో మా అక్క దేవిక ఇంటికి వెళ్ళినప్పుడు, అక్క మనవరాలు హాసిని వసారాలో బోర్లా పడుకుని ఒక బొమ్మల పుస్తకం చదువుతూ కనిపించింది. ఈ కాలపు పిల్ల చేతిలో ఫోను కాకుండా పుస్తకం ఉండడమే వింత అనుకుని వంగి చూశాను. చూసి అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అట్ట మీద గొడుగు పట్టుకున్న ఏనుగు పిల్ల, దాని కాళ్ళకు పెద్దవాళ్ళ చెప్పులు, బొమ్మంతా కప్పేస్తూ సన్నని పెన్సిలు గళ్ళు. ఆ గళ్ళు గీసింది మా నాయన. ఆ పుస్తకం కోసం ఒకనాడు ఇల్లంతా తిరగేసి, దొరకక, చివరికి మగ్గాన్నే వదులుకున్నాడు. అది పాత కాగితాలవాడి తక్కెట్లోకి పోయిందని అమ్మ చెప్పింది. చిన్నప్పటి నుంచి తల నెరిసేదాకా నేను అదే నమ్ముకుని ఉన్నాను.

"ఇది యాడిది పాపా?" అన్నాను.

"ముసలవ్వ ఇచ్చినాది. పెట్టెలో నుంచి తీసిచ్చినాది" అంది హాసిని, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ముసలవ్వ అంటే మా అమ్మ. గడప పక్కన చాప వేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది. నా ముఖం చూసింది, పుస్తకం వైపు చూసింది, మళ్ళీ గింజల్లో పడింది. "నీ దగ్గర ఉండిందా అమ్మా ఇది?" అంటే "ఉండింది" అంది. అంతే. మా అమ్మ దగ్గర మాట రాబట్టడం కంటే రాతి నుంచి నార తీయడం సులువు. అందుకే ఆమె నోరు విప్పేలోపల జరిగినదంతా ఇక్కడ చెప్పేస్తాను.

నగరిలో మా వీధికి ఒక వాసన ఉండేది. తెల్లవారక ముందే ఈ చివర నుంచి ఆ చివరకు పడుగు దారాలు సాగదీసి కట్టేవాళ్ళు. వాటికి బియ్యపు గంజి పట్టించి, పొడుగాటి కుంచెలతో దువ్వుతూ మగవాళ్ళు ముందుకూ వెనక్కూ నడిచేవాళ్ళు. ఎండ ఎక్కేలోపల ఆ పని అయిపోవాలి. గంజి వాసన, తడి నూలు వాసన, ఎవరింట్లోనో రాగి సంగటి కెలుకుతున్న వాసన కలిసి వచ్చేవి. బడికి పోయే పిల్లలం పడుగు కింద నుంచి తలలు వంచుకుని దూరి వెళ్ళేవాళ్ళం. తల తగిలితే ఒక తిట్టు, దారం తెగితే రెండు. మా ఇంటి నడిమింట్లో గుంట మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టుకుని నాయన నేస్తుంటే, పక్కన మా అవ్వ రాట్నం మీద కండెలు చుడుతూ వీధిలో ఎవరి కోడలు ఎవరితో మాట్లాడిందో అన్నీ చెబుతూ ఉండేది. ఆ రెండు చప్పుళ్ళూ, అవ్వ నోరూ ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. అవి జరుగుతున్నంతసేపూ హాయిగా నిద్రపోయేవాళ్ళం.

వీధికంతటికీ ఒకే టీవీ, సావుకారు ఇంట్లో. సావుకారు అంటే మాకు నూలూ జరీ ఇచ్చి, నేసిన చీరకు కూలి ఇచ్చే ఆసామి. ఆదివారం పొద్దున ఆయన నడవాలో పిల్లలందరం గొంతుక్కూర్చుని గున్నయ్య కార్టూను చూసేవాళ్ళం. గున్నయ్య సర్కసు నుంచి పారిపోయి వచ్చి పోస్టాఫీసులో పనికి కుదిరిన ఏనుగు పిల్ల. సైకిలెక్కితే సైకిలు చపాతీ అవుతుంది. కవరుకు తపాలా బిళ్ళ అంటించబోతే ఆ బిళ్ళ తొండానికి అంటుకుని ఊరంతా తిరిగి వస్తుంది. మేము కింద పడి దొర్లి నవ్వేవాళ్ళం. మా మేనమామ చిత్తూరు తిరుపతి బస్సులో కండక్టరు. ఒకసారి తిరుపతి బస్టాండులో అదే గున్నయ్య కథలతో నెలనెలా అచ్చయ్యే పుస్తకం కొని తెచ్చాడు. టీవీలో గున్నయ్య వారానికి ఒకసారి వచ్చి మాయమైపోతాడు. పుస్తకంలో వాడు మన చేతిలోనే ఉంటాడు, ఎన్నిసార్లు తిప్పినా అలగడు. అట్ట మీద బొమ్మలో గున్నయ్య తన వీపులో పావు వంతు కూడా కప్పని గొడుగు పట్టుకుని నిలబడి ఉంటాడు. నోటి దగ్గర బుడగలో "నేను తడవను, నా గొడుగే తడుస్తుంది!" అని రాసి ఉంటుంది. అక్కా నేనూ ఆ మాట చెప్పుకుని ఎండాకాలంలో కూడా నవ్వేవాళ్ళం.

సరిగ్గా అదే రోజుల్లో వీధిలో మరమగ్గాలు దిగుతున్నాయి. ఒక్కొక్క ఇంట్లో గుంట పూడ్చి సిమెంటు పోసి, దాని మీద ఇనుప మగ్గం నిలబెట్టేవాళ్ళు. చేతిమగ్గానికి సావుకారు ఇచ్చే నూలు తగ్గుతూ వచ్చింది. ఇచ్చిన అంచులు కూడా అవే పాత అంచులు, అందరూ నేసేవే. కొత్త డిజైను ఒకటి సావుకారుకు నచ్చితే చాలు, అది నేసేవాడి మగ్గం నాలుగు కాలాలు నిలుస్తుంది. ఈ సంగతి నాయన మాతో ఎప్పుడూ అనలేదు గానీ అవ్వతో అంటుంటే విన్నాము. "కొత్త అంచు ఒగటి ఎక్కించల్లమ్మా. లేకుంటే మనమూ షెడ్డుకు పోవల్సిందే." షెడ్డు అంటే వీధి చివర మరమగ్గాల కొట్టం. అందులోకి పోయినవాడు తన మగ్గానికి యజమాని కాడు, పరాయివాడి యంత్రానికి కాపలావాడు. నాయనకు ఆ ఊహే గిట్టేది కాదు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నాయన గున్నయ్య పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని, స్కేలు ఆనించి అట్ట మీద గళ్ళు గీస్తున్నాడు. అంచులో బొమ్మ రావాలంటే ముందు దాన్ని గళ్ళుగా విడగొట్టాలి. ఏ గడిలో జరీ పైకి లేవాలో లెక్క చూసుకుని, ఆ లెక్క ప్రకారం గట్టి అట్టలకు రంధ్రాలు కొట్టాలి. ఆ అట్టలను దండలా కుట్టి మగ్గం నెత్తిన ఉండే జకార్డు పెట్టెకు వేలాడదీస్తే, ఒక్కొక్క అట్ట తిరిగినప్పుడల్లా బొమ్మ ఒక్కొక్క గీత లేస్తుంది. గళ్ళ కాగితం కావాలంటే చిత్తూరు నుంచి తెప్పించుకోవాలి, ఆగే ఓపిక నాయనకు లేదు. మేమిద్దరం గొల్లుమన్నాము. "బొమ్మంతా పాడు సేసినావు నాయనా!" అని అక్క ఏడ్చింది. నాయన తల ఎత్తి నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు, అందుకే మా ఏడుపు సగంలో ఆగింది. "ఏనుగుల అంచు మన తాతల నాటి నుంచి ఉండేదే కదమ్మా. ఇది కొంచెం కుశాలగా ఉండే ఏనుగు. అంతే" అన్నాడు.

మా దగ్గర జరీ చీర బోర్లా నేస్తారు. మంచి వైపు కిందికి ఉంటుంది, నేసేవాడికి కనిపించేది వెనక వైపు. కింద ఎలా వస్తోందో చూసుకోవాలంటే చిన్న అద్దం ముక్క పెట్టి చూడాలి. పిల్లలకు ఆ బాధ లేదు, గుంటలో నాయన కాళ్ళ పక్కన దూరి పైకి చూస్తే చాలు. మొదటి గున్నయ్యను అలా అక్క చూసింది. నెమలి పింఛం రంగు అంచులో బంగారు గీతలతో చెప్పులు, ఆ పైన పొట్ట, ఆ పైన తొండం, గొడుగు లేస్తుంటే అక్క కింది నుంచి కేకలు వేసింది. నేను చోటు కోసం దాన్ని గిల్లాను. ఒక ఏనుగు అయింది, రెండు అయినాయి. అప్పుడు అక్క మళ్ళీ తల పైకెత్తి అడిగింది. "నాయనా, గున్నయ్య ఏమంటా ఉండాడు?"

"ఎవురు?"

"గున్నయ్యే. మాటలు రాసే బుడగలో ఏమీ లేదే!"

మగ్గం ఆగింది. నాయన అద్దం తీసుకుని కిందికి పెట్టి చూశాడు. ఏనుగు నోటి దగ్గర బుడగను ఆయన గళ్ళలోకి ఎక్కించాడు. లోపలి అక్షరాలు దారంలోకి దిగేంత పెద్దవి కావు కాబట్టి వదిలేశాడు. నాయన అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు గానీ జన్మలో బొమ్మల పుస్తకం చదివినవాడు కాదు, సావుకారు ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడూ కాదు. బొమ్మల పుస్తకంలో మాటలు బుడగలో పెడతారని ఆయనకు ఎవరు చెబుతారు? గొడుగు పట్టుకున్న ఏనుగు పక్కన మబ్బు తునక ఉంది, మబ్బు మీద పుస్తకం వాళ్ళు ఏదో అచ్చు వేసుకున్నారు అనుకున్నాడు. ఆయన లెక్క ఆయనకు సరిపోయింది, గొడుగున్న చోట మబ్బు ఉండాలి కదా.

"ఏమీ అనడంలేదులే. ఊరకుండాడు" అన్నాడు అద్దం పక్కన పెట్టి. అట్టలన్నీ కొట్టి కుట్టేశాక ఇక మార్చడానికి లేదు. చీర అలాగే అయింది, అంచు పొడుగునా గున్నయ్యలు, ప్రతి గున్నయ్య మూతి దగ్గరా ఒక ఖాళీ బుడగ.

కొత్త డిజైను మొదటి చీర మగ్గం దిగితే, దాన్ని మగవాడు తీసుకుపోవడం మా వీధిలో లేదు. ఇంటి ఇల్లాలు పళ్ళెంలో పెట్టి, పసుపూ కుంకుమా ఆకూ వక్కతో సావుకారు ఇంటికి తీసుకుపోయి వాళ్ళ ఇల్లాలి చేతికి ఇవ్వాలి. ఆడవాళ్ళ కంటికి ఆనితేనే అది అంచు. అమ్మ తలస్నానం చేసి పళ్ళెం పట్టుకుంది, నేను ఆమె కొంగు పట్టుకున్నాను. నాయన మా వెనకే వచ్చి సావుకారు ఇంటి అరుగు మీద, కిటికీ కింద కూర్చున్నాడు. ఆ రోజు లోపల చుట్టాలున్నారు. సావుకారు భార్య చీర మడత విప్పింది, అంచు చూసింది, దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చూసింది.

"ఏం కన్నెమ్మా! మీ ఆయన పెండ్లికూతురి కాళ్ళ కాడ ఏనుగును కట్టినాడే, దానికి సెప్పులు కూడానా!" అంది. పక్కనున్న ఆమె అంచు లాక్కుని, "ఈ మూతి కాడ ఉండేది ఏందక్కా, దోశా? ఏనుగు దోశ తింటా ఉండాదా?" అంది. ఇక ఆ ఇల్లు నవ్వుతో దద్దరిల్లింది. ఒకావిడ చీర భుజాన వేసుకుని తొండం ఊపుతూ నడిచి చూపించింది. అమ్మ కూడా నవ్వింది, అలాంటి చోట నవ్వకుండా ఎలా నిలబడాలో ఆమెకు తెలియలేదు. ఖాళీ పళ్ళెం మాత్రం రెండు చేతులతో పొట్టకు అదుముకుని ఉంది. కిటికీ తెరిచే ఉంది.

సావుకారు చెడ్డవాడు కాడు. బయటికి వచ్చి నాయన పక్కన అరుగు మీద కూర్చున్నాడు. "పని సక్కంగా ఉండాది మునిరత్నమా, కాదని ఎవురంటారు? అయితే నవ్వించే ఏనుగును ఎవురు కట్టుకుంటారప్పా? ఈ సీర నా దగ్గరుండనీ, కూలి తీసుకో. ఇంగ ఈ అంచు వద్దు" అన్నాడు. నాయన సరేనని లేచాడు. ఆ వారం తిరగక ముందే వీధిలో ఆయన పేరు దోశ మునిరత్నం అయింది. మా బడిలో కూడా అయింది.

చెల్లని డిజైను అట్టలు మా వీధిలో నీళ్ళ పొయ్యిలోకే పోతాయి. గట్టి అట్ట, బాగా కాలుతుంది. నాయన తనే వాటి కుట్లు విప్పి, ఒక్కొక్కటే పొయ్యిలోకి తోసి, ఆ నీళ్ళతో స్నానం చేసి, మరుసటి వారం నుంచి షెడ్డుకు పోయాడు. అక్కడ మనిషికి రెండు మగ్గాలు అప్పజెప్పేవాళ్ళు. పని మానితే ఆ మగ్గాలు ఇంకొకరికి పోతాయి, మళ్ళీ దొరకవు. నాయన మగ్గం మాత్రం నడిమింట్లో గుంట మీద అలాగే ఉంది. అవ్వ రోజూ దాని మీద దుమ్ము తుడిచేది.

ఆడికృత్తిక పండుగ దగ్గర పడుతున్న రోజుల్లో, తిరుత్తణి కొండకు కావళ్ళు మోయడానికి ఊరంతా సిద్ధమవుతుంటే, షెడ్డుకు సెలవైన ఒక పొద్దున సావుకారు తనే మా ఇంటికి వచ్చాడు. పలమనేరు మీదుగా వచ్చిన బెంగుళూరు కొట్టాయన ఎవరో సరుకు చూస్తూ గున్నయ్య చీర పట్టుకుని వదలలేదట. ఇలాంటివి పది కావాలి, అంచు ఇదే ఉండాలి అని చెప్పి, ఆ చీర కూడా తీసుకుని పోయాడట. "ఆ అట్టలు ఉండాయా అప్పా?" అని అడిగాడు సావుకారు. కాల్చేశానని నాయన చెప్పాడు. "పుస్తకం ఉంటే మళ్ళా కొట్టుకోవచ్చు కదా" అని ఆయనే దారి చెప్పి వెళ్ళాడు. నాయన ముఖం ఆ రోజు వెలిగినట్టు మళ్ళీ ఎప్పుడూ వెలగలేదు.

పుస్తకం కోసం ఆ రోజంతా వెదికాడు. అటక ఎక్కాడు. మా బడి సంచులు గుమ్మరించాడు. చాపలు దులిపాడు, బియ్యం కుండ వెనక చేయి పెట్టాడు, గుంటలోకి దిగి చూశాడు. అవ్వ వక్కాకు సంచి కూడా వదల్లేదు. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండా, "పాత కాగితాల్లోనికి పోయిండాదేమో, మొన్న ఏసేసినా" అంది. మేమిద్దరం ఏడుస్తూ వాకిట్లో కూర్చున్నాము. మరునాడు మామ తిరుపతి బస్టాండులో అడిగితే కొత్త నెల సంచిక ఇచ్చారు, అందులో గున్నయ్య రైలు మీద కూర్చుని ఉన్నాడు. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి తిరిగి ఇచ్చేశాడు. "ఇది యేరే ఏనుగు. నాకు గళ్ళు లెక్కపెట్టను వచ్చు గానీ బొమ్మ గీయను రాదు బావా" అన్నాడు. పండుగ దాటిపోయింది, బెంగుళూరు ఆయన ఇంకేదో తీసుకున్నాడు. ఆ ఏడాది చివర మగ్గం కట్టెలు విప్పి అమ్మేశారు, గుంట పూడ్చేశారు. చాలా కాలం ఆ చోట నడిస్తే నేల వేరే చప్పుడు చేసేది.

షెడ్డు మా నాయన చెవులు తీసుకుంది. ఇనుప మగ్గాల హోరు మధ్య అన్నేళ్ళు నిలబడితే ఎవరికైనా అంతే. నేను తిరుపతిలో టీచరు ఉద్యోగంలో చేరిన రోజు ఆ సంగతి అరిచి చెబితే గాని ఆయనకు వినపడలేదు. వీధంతా విన్నాక ఆయన విన్నాడు. పోయేముందు కొన్నేళ్ళు మాట్లాడడమే మానేశాడు, ఎదుటివాళ్ళను అరిపించడం ఇష్టం లేక. ఈమధ్య అలిపిరి రోడ్డులో ఒక పెద్ద బట్టల దుకాణానికి వెళితే, చలువద్దాలు పెట్టుకున్న ఏనుగులు, సైకిలు తొక్కే నెమళ్ళు, కాఫీ తాగే పిల్లులు అచ్చు వేసిన చీరలు వరసగా వేలాడుతున్నాయి. కొన్నిటికి బుడగలు కూడా ఉన్నాయి. కంప్యూటరు మీద గీసి మిషను మీద గుద్దిన బొమ్మలు, ఉతికితే పోయే రంగులు. "ఇప్పుడు ఇదే నడస్తా ఉండాది మేడం, ఆడపిల్లోళ్ళు ఎగబడతా ఉండారు" అన్నాడు అమ్మే అబ్బాయి. అంత మంది మధ్య నాకు ఏడుపు వచ్చింది. ఒక మనిషి దారంతో, రంధ్రాలతో, వంగిన నడుముతో నవ్వును నేస్తే ఆయన్ను దోశ అన్నారు. ఇప్పుడు అదే నవ్వును వరసలో నిలబడి కొంటున్నారు. నేను ఏమీ కొనకుండా వచ్చేశాను.

ఇదంతా నా లోపల తిరుగుతుండగా పుత్తూరు వసారాలో అమ్మ గింజలు తీయడం అయిపోయింది. హాసిని పుస్తకం వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. అక్క లోపల కాఫీ కలుపుతోంది. నేను పుస్తకం తీసుకుని అమ్మ ముందు పెట్టాను.

"ఎందుకమ్మా దాసినావు?"

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "పది సీరలే కదా అడిగింది" అంది. "పది సీరలు నేసినాక? అప్పుటికి షెడ్డులో ఆ మగ్గాలు ఇంగొగడికి పోయింటాయి. మీ సదువులు యాడినుంచి వస్తాయి? ఆ అంచు ఇంగో ఊర్లో ఇంగొగరు సూసి నవ్వరా? ఆ నవ్వు కిటికీలో నుంచి ఆ మనిషి సెవిన పడేది నేను సూసినా కదా. నువ్వు అప్పుడు సిన్నబిడ్డవి, నీకేం తెల్సు."

"ఆయన ఎంత ఎతికినాడో నీకు తెల్సు కదమ్మా."

"తెల్సు. ఇల్లంతా ఎతికినాడు. నా పెట్టె ఒగటే తెరవలేదు."

ఆ పెట్టె అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రేకు పెట్టె. నడిమింట్లో మగ్గం పక్కనే గోడకు ఆనించి ఉండేది. భార్య పుట్టింటి పెట్టెలో మగవాడు చేయి పెట్టకపోవడం మా ఇళ్ళలో మర్యాద. "మర్యాదకు తెరవలేదేమో అమ్మా. దాంట్లో ఉండేది ఆయనకు తెలీదేమో" అన్నాను.

"తెలీకేం. కడకు అలిసిపోయి వచ్చి దాని మీదనే కూసున్నాడు. తాళం సెవి నా నడుముకే ఉండాది, నా దిక్కే సూస్తానే ఉండాడు." అమ్మ పుస్తకం అట్టను వేలితో ఒకసారి రాసింది, ఆ గళ్ళ మీదే. "తియ్యవే అని ఒక్క మాట అనింటే తీసి ఇచ్చేదాన్ని. పొద్దు మునిగిందాకా కాసుకోని ఉంటి. ఆయన అడగలేదు."